గోల్‌కీపర్ చెప్పమన్న మాట

ఎడారిలో గడ్డి పెంచడం నా ఉద్యోగమని చెబితే మా వీధి కుర్రాళ్లు ఇప్పటికీ నవ్వుతారు. నవ్వాల్సిన ఉద్యోగమే. హార్టికల్చర్ డిప్లొమా పట్టుకుని కాకినాడ నుంచి వెళ్లినవాణ్ని, దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్‌కు చెందిన రెండు ఫుట్‌బాల్ మైదానాలను పదిహేడేళ్లు కనిపెట్టుకుని ఉన్నాను. ఆట గురించి ఓనమాలు రావు. బంతి ఎటు పోతోందో నేనెప్పుడూ చూడలేదు. అది పడిన చోట గడ్డి ఏమైందో చూసేవాణ్ని.

గల్ఫ్ వెళ్లబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. ఏ ఏజెంటును నమ్మాలి, గది ఎక్కడ తీసుకోవాలి, ఎండాకాలం ఎలా నెట్టుకురావాలి అని అడుగుతారు. తెలిసింది చెప్పి పంపిస్తాను. వెళ్లేటప్పుడు కొందరు కాళ్లకు దణ్ణం కూడా పెడతారు. అప్పుడు నాకు ఎక్కడైనా దాక్కోవాలనిపిస్తుంది. ఎందుకో ఇక్కడ రాస్తున్నాను. పేర్లు ఎవరివీ రాయను.

ఖతార్‌లో ప్రపంచ కప్ జరిగిన శీతాకాలం అది. యూరప్‌లో లీగ్ పోటీలు కొన్ని వారాలపాటు ఆగిపోయాయి. ప్రపంచ కప్‌కు ఎంపిక కాని ఆటగాళ్లను ఖాళీగా కూర్చోబెట్టలేక చాలా క్లబ్బులు ఎండను వెతుక్కుంటూ దుబాయ్ వచ్చాయి. మా హోటల్లో దిగింది ఒక చిన్న దేశపు క్లబ్బు. ఆ జట్టు గోల్‌కీపర్లలో ఒకడు ఇరవై రెండేళ్ల జపాన్ అబ్బాయి.

ఆ అబ్బాయి కథ నాకు చెప్పింది వాళ్ల జట్టు బట్టలు, బూట్లు చూసుకునే పెద్దాయన. పందొమ్మిదో ఏట ఒంటరిగా ఆ దేశం వచ్చాడట. భాష రాదు, తిండి సయించదు. మూడేళ్లుగా బెంచీ మీద కూర్చుని వేరేవాళ్లు ఆడుతుంటే చూస్తున్నాడు. ఇప్పుడు మొదటి గోల్‌కీపర్ మోకాలు దెబ్బతింది. జనవరిలో లీగ్ మళ్లీ మొదలైతే గోల్‌లో నిలబడేది ఇతనేనని కోచ్ చెప్పేశాడు. వాళ్ల ఊళ్లో తల్లీతండ్రీ ఆ మ్యాచ్‌కు విమానం టికెట్లు కూడా తీసుకున్నారని పెద్దాయన సంబరంగా చెప్పాడు.

మైదానాన్ని చూసుకునేవాడికి గోల్‌కీపర్ అంటే పడదు. గడ్డిని అందరికంటే ఎక్కువ పాడుచేసేది అతనే. గోల్ ముందు గంతులు వేసి, దొర్లి, మడమలతో తవ్వి పెడతాడు. ఈ అబ్బాయి మాత్రం ప్రాక్టీసు అయిపోయాక వెనక ఉండిపోయేవాడు. లేచిపోయిన గడ్డి పెళ్లలను ఒక్కొక్కటే ఏరి, వాటి చోట పెట్టి, అరచేత్తో అదిమేవాడు. తర్వాత గీత బయటికి వచ్చి మైదానం వైపు తిరిగి వంగి నమస్కరించేవాడు. మొదటిరోజు నాకే పెడుతున్నాడనుకుని తిరిగి నమస్కారం పెట్టాను. నా వెనక నిలబడ్డ జగిత్యాల తమ్ముడు ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

ఈ తమ్ముడి గురించి చెప్పాలి. జగిత్యాల దగ్గర ఒక పల్లె. అప్పటికి నలభై దాటాయి. అబుదాబి దగ్గర మఫ్రఖ్ అనే చోట కూలీల క్యాంపులో ఉంటూ పైపులైను గోతుల్లో పనిచేసేవాడు. మాకు పనివాళ్లను పంపే కంపెనీ ఒకసారి పదిమందిని తీసుకొచ్చి నిలబెడితే, గడ్డిని తొక్కకుండా పక్కనుంచి నడిచి వచ్చినవాడు అతనొక్కడే. అడిగి మరీ నా దగ్గర ఉంచుకున్నాను. చదువు లేదు కానీ పచ్చిక మీద చెయ్యి పెట్టి నీళ్లు చాలాయో లేదో చెప్పేవాడు, నా దగ్గరున్న మీటరు కంటే నయంగా. నన్ను అన్నా అని పిలిచేవాడు. గోతుల్లోంచి తీసి పచ్చిక మీద నిలబెట్టిండు అని పదిమందిలో చెప్పుకునేవాడు. ఆ మాట నాకు బాగా రుచించేది, దాచడం ఎందుకు.

ప్రపంచ కప్‌లో జపాన్ జట్టు ఒక పెద్ద జట్టును ఓడించిన రోజున మా వంటవాళ్లు కేకు చేసి ఆ అబ్బాయి చేత కోయించారు. సిగ్గుపడుతూ అందరికీ తినిపించాడు. తమ్ముడికీ ఒక ముక్క నోట్లో పెట్టాడు. అప్పటినుంచి తమ్ముడికి అతను మన పోరడు అయిపోయాడు. గోల్ ముందు చోటుకు నేను చెప్పకుండానే రెండుసార్లు ఇసుక చల్లి సాపు చేసేవాడు.

మైదానంలో నీళ్లు చల్లే స్ప్రింక్లర్లు గడ్డి లోపలే పాతిపెట్టి ఉంటాయి. నీళ్లు వదిలితే తల పైకి లేస్తుంది, ఆపితే స్ప్రింగు లాగి లోపలికి దిగిపోతుంది. స్ప్రింగు బలహీనపడితే రెండు వేళ్ల ఎత్తున బయటే ఉండిపోతుంది. పచ్చికలో కనిపించదు. అందుకని ప్రతి ప్రాక్టీసుకూ ముందు మైదానమంతా నడిచి, ప్రతి తలనూ కాలితో తాకి చూసి, ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆ సంతకం నాది. ఆ పని నేను ఎవరికీ అప్పగించేవాణ్ని కాదు.

జట్టు వెళ్లడానికి మూడు రోజుల ముందు, సాయంత్రం నీళ్లు పెట్టాక తమ్ముడు నా దగ్గరికి వచ్చాడు. ఒకటో మైదానంలో, పెనాల్టీ ఏరియా అంచున ఉన్న తల ఒకటి సగమే దిగుతోందని చెప్పాడు. కొత్తది స్టోరులో ఉంది. మార్చడానికి ఇరవై నిమిషాలు చాలు. పొద్దున చూద్దాంలే అన్నాను.

మర్నాడు ఉదయం హోటల్ ప్రచార విభాగం వాళ్లు జట్టుతో మా సిబ్బందికి ఫొటో ఏర్పాటు చేశారు. ఆరింటికి మైదానం నడవాల్సిన నేను, స్టాఫ్ బాత్రూములో జుట్టుకు రంగు వేసుకుంటున్నాను. నవ్వుకోండి, పర్వాలేదు. తలకు ప్లాస్టిక్ కవరు చుట్టుకుని, రంగు ఆరడానికి అరగంట కూర్చున్నాను. ఆ అరగంటలో పరీక్ష కాగితం తొడ మీద పెట్టుకుని, ఇరవై నాలుగు గడుల్లోనూ వరసగా టిక్కులు కొట్టి సంతకం పెట్టాను. అన్నేళ్ల ఉద్యోగంలో మైదానం నడవకుండా పెట్టిన మొదటి సంతకం అది. అంతలో తమ్ముడు ఫోన్ చేశాడు. నీళ్లు వదలాలా అని అడిగి, ఆ తల సంగతి ఏం చేశావన్నాడు.

“చూశాలే, నువ్వు వదులు,” అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్లుగా ఆలోచిస్తున్నాను. పెద్ద కారణమేమీ దొరకలేదు. తలనుంచి రంగు కారుతోంది, ఫొటోకు ఆలస్యమవుతోంది. అంతే.

ఫొటో తీశారు. నా పక్కన నిలబడింది ఆ అబ్బాయే. నీళ్ల దగ్గర ఉండాలి కాబట్టి తమ్ముడు ఫొటోలో లేడు. ఆ తర్వాత ప్రాక్టీసు మొదలైంది. నేను షెడ్డు దగ్గర టీ తాగుతున్నాను. ఎవరో ఆటగాడు బంతితో దూసుకొచ్చాడు. అబ్బాయి గోల్ వదిలి ముందుకు ఉరికి, అతని కాళ్ల మీదికి పడ్డాడు. అరుపు నాకు వినిపించలేదు. ఈలలు ఆగిపోయాయి, అందరూ ఒక్కచోటే గుమిగూడారు. వాళ్లు ఎక్కడ నిలబడ్డారో దూరం నుంచి చూడగానే నాకు అర్థమైపోయింది.

కుడి మణికట్టు సరిగ్గా ఆ తల మీద పడింది. లోపల ఎముక విరిగింది. ఏ ఆటగాడికైనా బాధే, గోల్‌కీపర్‌కైతే అదే అన్నం పెట్టే ఎముక.

మధ్యాహ్నం మా మేనేజర్, ఇంగ్లండ్ మనిషి, ఇద్దరినీ గదికి పిలిచాడు. బల్ల మీద నా కాగితం ఉంది. ఆరింటికి ఆ తల ఎలా ఉందని అడిగాడు. దిగే ఉందని చెప్పాను. మరి ఎలా లేచిందన్నాడు. నీళ్లు పెట్టాక ఇరుక్కుపోయి ఉంటుందన్నాను. నీళ్లు ఆపాక చూడాల్సింది ఎవరని అడిగాడు.

“నీళ్లు వదిలినవాళ్లు,” అన్నాను.

తమ్ముడి పేరు నేను ఎత్తలేదు. దాన్ని చాలా రోజులు ఒక మంచితనంగా లెక్కేసుకున్నాను. తమ్ముడు నా పక్కనే నిలబడి ఉన్నాడు. ఇంగ్లీషు రాకపోయినా నేనేమంటున్నానో తెలుసుకోవడానికి అతనికి భాష అక్కర్లేదు. నా ముఖంలోకి చూస్తూ ఆగాడు. నేనింకా ఏదో చెబుతానని ఎదురుచూస్తున్నాడని నాకు తెలుసు. నేను కిటికీలోంచి మైదానం చూస్తున్నాను. మేనేజర్ అతని వైపు తిరిగి, నువ్వేమైనా చెప్పాలా అని హిందీ వచ్చిన గుమాస్తా చేత అడిగించాడు. తమ్ముడు తల అడ్డంగా ఊపాడు.

ఆ ఏడు నా వయసు యాభై ఏడు. వసంతంలో కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది. ఆ వయసులో పోతే మళ్లీ ఎవరు పనిస్తారని నాలో నేను వాదించుకున్నాను. తమ్ముడికైతే ఎక్కడైనా పని దొరుకుతుందని కూడా అనుకున్నాను. దొరికింది. మూడో రోజు తెల్లవారగానే కంపెనీ బస్సు వచ్చి అతన్ని మఫ్రఖ్‌కు, ఆ గోతుల్లోకే తీసుకుపోయింది. నిర్లక్ష్యం వల్ల ప్రమాదమని ఫైల్లో రాశారు. వెళ్లేముందు నన్నేమీ అడగలేదు. స్టోరు తాళాలు నా చేతిలో పెట్టి, రెండో మైదానంలో కార్నరు దగ్గర నీళ్లు తక్కువ అందుతున్నాయి, చూసుకో అని చెప్పి బస్సెక్కాడు.

ఇంతవరకూ జరిగింది పిరికితనం. పిరికితనాన్ని లోకం ఎంతో కొంత క్షమిస్తుంది. ఆ తర్వాతిది అలాంటిది కాదు.

అదే రోజు జట్టు వెళ్లిపోతోంది. సామాను బస్సులో పెడుతుంటే, ఆ అబ్బాయి చేతికి కట్టుతో మైదానంలోకి వచ్చాడు. నేరుగా ఆ చోటుకు వెళ్లి నిలబడ్డాడు. కొత్త తల అప్పటికే బిగించేశాను, ఇరవై నిమిషాల్లో. నన్ను చూసి దగ్గరికి వచ్చాడు. అతని ఇంగ్లీషు, నా ఇంగ్లీషు దాదాపు ఒక్క తీరే, అందుకే మాకు బాగా అర్థమయ్యేది. నీళ్లు పెట్టే మనిషి ఎక్కడని అడిగాడు. వేరే చోటికి మార్చారని చెప్పాను. నా వల్లనా అన్నాడు.

అతను తల దించుకుని, ఒక్కొక్క మాటే కూడబలుక్కుంటూ చెప్పాడు. “దాన్ని నేను చూశాను. ముందే చూశాను. ఆపమంటే కోచ్‌కు కోపం వస్తుందనుకున్నాను. అయిపోయాక చెబుదామనుకున్నాను. తప్పు నాది, అతనిది కాదు. దయచేసి ఈ మాట అతనికి చెప్పండి.”

మా కోచ్‌కు చెప్పేశానన్నాడు. మీ మేనేజర్‌కు కూడా ఇప్పుడే వెళ్లి చెప్పాలా అని అడిగాడు.

ఆ అబ్బాయి ఒక్కసారి మేనేజర్ గదిలోకి వెళితే తమ్ముడు ఆ సాయంత్రానికల్లా వెనక్కి వచ్చేసేవాడు. కానీ అప్పుడు మేనేజర్ మళ్లీ ఆ కాగితం తీస్తాడు. ఈసారి తమ్ముణ్ని పిలిచి, ఆ తల ఎప్పటినుంచి అలా ఉందని అడుగుతాడు.

“అక్కర్లేదు, నేను చెబుతాను,” అన్నాను.

నన్ను నమ్మాడు. కట్టు ఉన్న చేతిని ఎడమచేత్తో పట్టుకుని నాకు వంగి నమస్కరించాడు. ఈసారి మైదానానికి కాదు, నాకే.

మేనేజర్‌కు చెప్పలేదు. తమ్ముడికీ చెప్పలేదు. ఫోన్ నంబరు నా దగ్గర ఉంది. ఒక్క ఫోను చేస్తే అయిపోయేది. చేస్తే అతను మేనేజర్‌కు చెప్పావా అని అడుగుతాడు కదా, అందుకని చెయ్యలేదు. వారం ఆగితే నెల ఆగడం తేలిక. నెల ఆగాక, ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదనే ప్రశ్న కూడా దానికి తోడవుతుంది.

నేను చేసిందల్లా ఆ అబ్బాయి గురించి ఫోన్లో వెతుక్కోవడం. ఆట తెలియని నేను గోల్‌కీపర్ల లెక్కలు నేర్చుకున్నాను. జనవరిలో అతని చోట ఇంకొకతను నిలబడి బాగా ఆడాడు. తల్లీతండ్రీ వచ్చారో రాలేదో నాకు తెలియదు. మణికట్టుకు రెండుసార్లు ఆపరేషన్ జరిగింది. సీజన్ చివర క్లబ్బు అతని కాంట్రాక్టు పొడిగించలేదు. నాది పొడిగించారు. ఆ తర్వాత అతను పక్క దేశంలో రెండో డివిజన్ జట్టుకు వెళ్లాడు. అక్కడ మళ్లీ బెంచీ. కొన్ని మ్యాచ్‌లు ఆడాడు, మళ్లీ బెంచీ. జట్టు పేర్ల కింద, చివరి వరసలో అతని పేరు కనిపించినప్పుడల్లా ఫోను బోర్లా పెట్టేసేవాణ్ని.

ఆ తర్వాత మేనేజర్ కూడా వేరే దేశం వెళ్లిపోయాడు. నేను నిరుడు రిటైరయ్యాను. పూలదండ వేశారు, శాలువా కప్పారు, పదిహేడేళ్లూ ఒక్క మచ్చ లేదని కొత్త మేనేజర్ మాట్లాడాడు.

షార్జా అల్ నహ్దాలో మా ఫ్లాటు ఖాళీ చేస్తుంటే, అల్మారా వెనక నేను కుక్కిన ఆ ఫొటో మా ఆవిడ చేతికి దొరికింది. మీ పక్కనున్న ఈ పిల్లాడెవరని అడిగింది. ఎన్నాళ్లనుంచో మనసులో పెట్టుకున్నదంతా అక్కడే, అట్టపెట్టెల మధ్య కూర్చుని చెప్పేశాను. ఆవిడ అంతా విని, “నాకు చెబితే ఏం లాభమండీ, చెప్పాల్సింది నాకు కాదుగా,” అని పెట్టెలు కట్టుకోవడం మొదలుపెట్టింది.

ఆ ఆదివారమే బస్సెక్కి మఫ్రఖ్ వెళ్లాను. తమ్ముడు ఉన్న గదిలో పన్నెండు మంది. సెలవు రోజు కదా, ఒకడు బట్టలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు, ఇద్దరు పడుకుని ఇంటివాళ్లతో మాట్లాడుతున్నారు. అందరూ నిజామాబాద్, జగిత్యాల వాళ్లు, ఇద్దరు ముగ్గురు బీహారీలు. తమ్ముడు నల్లబడ్డాడు, జుట్టు బాగా పండింది. నన్ను చూసి లేచి, తన మంచం మీద దుప్పటి సరిచేసి కూర్చోబెట్టాడు. టీ తెచ్చాడు. ఊరి సంగతులు, పిల్లల సంగతులు మాట్లాడుకున్నాం. ఎలా మొదలుపెట్టాలో తెలియక నేను టీ గ్లాసు తిప్పుతున్నాను. అతనే ఫోను తీసి నాకు చూపించాడు.

“మన పోరడు మొన్న ఒక పెనాల్టీ ఆపిండు అన్నా. చూసినవా?”

ఫోనులో ఆ అబ్బాయి, వేరే రంగు చొక్కాలో, గాల్లోకి ఎగిరి బంతిని తోసేస్తున్నాడు. తమ్ముడు దాన్ని రెండుసార్లు వేసి చూపించాడు. ప్రతి వారం చూస్తాడట. ఆడిన రోజు కడుపు నిండినట్టు ఉంటుందట. ఆడని రోజు అన్నం పోదట. అతని గొంతు తగ్గింది. “నీ మాట మీద ఉండకుంట, పది అడుగులేసి నా కండ్లతోని చూసుకుంటే అయిపోతుండె. చూడకనే పాయె. ఆని చెయ్యి నేనే ఇరగ్గొట్టిన అన్నా. అదే నిద్రల గూడ యాదికొస్తది.”

ఇన్నేళ్లూ అతను నా మీద కోపంతో ఉన్నాడనుకున్నాను. నన్ను తిట్టుకుంటూ బతుకుతున్నాడనుకుని, ఆ తిట్లు నాకు తగినవేనని ఒక రకంగా సర్దుకుపోయాను. అతను మాత్రం నన్ను పక్కనపెట్టేసి, మొత్తం తన నెత్తినే పెట్టుకున్నాడు. దాన్ని దించే మాట నా దగ్గర ఉంది. వెళ్లిపోతూ ఆ అబ్బాయి నా చేతికిచ్చిన మాట.

చెప్పాను. తలకు రంగు వేసుకోవడం దగ్గరనుంచి, అబ్బాయి నాకు వంగి నమస్కరించడం వరకూ ఏదీ దాచకుండా చెప్పాను. తమ్ముడు కాగితం గురించి, మేనేజర్ గది గురించి ఒక్క ప్రశ్న వెయ్యలేదు. అవి అతనికి తెలిసినవే. అబ్బాయి మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం చెయ్యి ఎత్తి ఆపాడు.

“ఏమన్నడు? మళ్ల చెప్పు.”

మళ్లీ చెప్పాను. ముందే చూశానన్నాడు. తప్పు నాది, అతనిది కాదన్నాడు. నీకు చెప్పమన్నాడు.

“ఎప్పుడన్నడు?”

“నువ్వు బస్సెక్కిన రోజే.”

తిడతాడనుకున్నాను, కొడతాడనీ అనుకున్నాను. రెండూ చెయ్యలేదు. ముదీర్‌కు చెప్పినవా అని అడిగాడు. మేనేజర్ దేశం వదిలి వెళ్లిపోయాడని చెప్పాను. అయితే వీళ్లకు చెప్పు అన్నాడు.

నాకు అర్థం కాలేదు. అతను లేచి గదిలో వాళ్లందరినీ పిలిచాడు. ఇస్త్రీ చేసుకునేవాడు పెట్టె పక్కన పెట్టాడు, పడుకున్నవాళ్లు లేచి కూర్చున్నారు. “వీళ్లందరికీ ఇన్నేళ్లుగా నేను ఒక పిల్లగాని చెయ్యి ఇరగ్గొట్టి ఇక్కడికొచ్చిన అని చెప్పుకున్న, ఇప్పుడు అసలు ముచ్చట నువ్వు చెప్పు, బీహారోళ్లకు కూడా తెలిసేటట్టు హిందీల చెప్పు,” అన్నాడు.

పన్నెండు మంది ముందు నిలబడి, నాకు వచ్చిన హిందీలో మొదటినుంచి మళ్లీ చెప్పాను. జుట్టుకు రంగు అన్నప్పుడు ఎవరూ నవ్వలేదు. నేను ఆగినప్పుడల్లా తమ్ముడు ఊఁ అంటూ ముందుకు తోశాడు. అబ్బాయి చెప్పమన్న మాట వచ్చినప్పుడు, అతను వాళ్ల ముఖాలు ఒక్కొక్కటే చూశాడు, విన్నారా లేదా అని. వాళ్లలో వయసైన బీహారీ ఒకాయన లేచి వచ్చి తమ్ముడి భుజం మీద చెయ్యి వేశాడు. నా వైపు ఎవరూ చూడలేదు.

గేటు దాకా తమ్ముడు నాతో వచ్చాడు. బస్సు ఎక్కడ ఆగుతుందో చూపించాడు. మళ్లీ ఎప్పుడు కలుద్దామని అడగబోయాను. నేను నోరు తెరవకముందే అతనే అన్నాడు.

“నువ్వు చెప్పినవ్, నేను విన్న. ఖలాస్. ఇగ రాకు అన్నా. ఫోన్ గూడ చెయ్యకు.”

సరేనన్నాను. అతను లోపలికి వెళ్లిపోయాడు. నేను కాకినాడ తిరిగొచ్చి ఏడాది కావస్తోంది. మళ్లీ వెళ్లలేదు, ఫోను చెయ్యలేదు. ఆ మనిషి నాతో చెప్పిన మాటల్లో నేను పూర్తిగా పాటించింది అదొక్కటే.